అత్తమ్మ కుప్ప, కోడలి కుప్ప

ఆ రోజుల్లో హైదరాబాద్ నాచారంలో ఏ ఇంట్లోనూ ఇంటివాళ్లొక్కరే ఉండేవాళ్లు కాదు. ఫ్యాక్టరీ పనులకని జిల్లాల నుంచి వచ్చినవాళ్లు మేడ మీదా, మెట్ల పక్కనా ఎక్కడ నాలుగు గోడలుంటే అక్కడ కిరాయికి దిగేవాళ్లు. నేను కొత్త కోడలిగా వచ్చేనాటికి మా మేడ మీది గదిలో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక చదువుకునే అబ్బాయి ఉండేవాడు. ఏం చదువు తమ్ముడూ అంటే పురుగుల చదువన్నాడు. (ఏడో తరగతితో ఆపేసిన దాన్ని, పురుగులను చూడటానికి కూడా కాలేజీ కావాలా అనుకున్నాను.) నిమ్మచెట్టు మీది గొంగళిపురుగులను సీసాల్లో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, లోపలి నుంచి సన్నటి కందిరీగలు ఎప్పుడు బయటికొస్తాయా అని కాచుకుని కూర్చునేవాడు. అందుకే మాకందరికీ అతను సీసాల తమ్ముడు. ఆ కందిరీగలు గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడతాయట, వాటి పిల్లలు దాన్ని లోపలి నుంచే తిని బయటపడతాయట. ఈ ముచ్చట చెవిన పడ్డ పూటే మా అత్తమ్మ ఆజ్ఞ వేసింది. ఆదివారం లోపల సీసాలన్నా పోవాలి, తమ్ముడన్నా పోవాలి. సీసాలు పోతే అతని చదువు పోయినట్టే.

అదే ఆదివారం వచ్చి ఫొటోలు చూస్తానని అతని కాలేజీ సారు చెప్పాడట. కెమెరా మూతికి భూతద్దం లాంటిదేదో బిగించి తీసి, ఉప్పల్‌లో కడిగించుకొచ్చిన ఫొటోలు అవి. చీమ తల కన్నా చిన్న పురుగు అందులో కోడిపిల్లంత కనిపించేది. ఏది ఏ జాతో విడదీయలేక తమ్ముడు తల పట్టుకుంటే, పక్క గదిలో కిరాయికుండే, చర్చికి పోయే అక్కా నేనూ జాలిపడి అతని గదిలో చాప పరిచాం. బియ్యంలో రాళ్లేరే చేతులు మావి. నడుము చూడాలి, మీసాలు చూడాలి, వెనకాల సూది ఉందో లేదో చూడాలి, అంతే అన్నాడు తమ్ముడు. నడుము సన్నగా ఉండి ఒంటి కన్నా పొడుగు సూది ఉన్నవాటిని ఒక కుప్ప వేసి, దాన్నేమని పిలుద్దాం అంది అక్క. నేను కింది వంటింటి వైపొకసారి చూసి, మెల్లగా "అత్తమ్మ" అన్నాను. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆకుపచ్చగా, తళతళా మెరుస్తూ బొద్దుగా ఉన్నవి ఇంకో కుప్ప. అందంగా ఉన్నాయి కదా అని దానికి నా పేరే పెట్టుకున్నాను, కోడలని. తమ్ముడికి లాటిన్ పేర్లకు నోరు తిరిగేది కాదు, ఇవి మాత్రం వెంటనే నోటికి పట్టేశాయి.

ఆదివారం సారొచ్చాడు. అత్తమ్మే స్వయంగా చాయ్ తెచ్చింది, ఖాళీ చేసే ముచ్చట సారు ముందరే తేల్చేద్దామని. అప్పుడే తమ్ముడు హుషారుగా, "సార్, గీ కుప్పంత అత్తమ్మ. గిది కోడలు" అన్నాడు. అత్తమ్మ చాయ్ పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది. ఫొటోలోని సూదిని చూసింది, నన్ను చూసింది.

సారుకు ఇవేమీ తెలియవు. ఫొటో ఎత్తి పట్టుకుని, ఆమెకే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఈ అత్తమ్మ లేకపోతే గొంగళిపురుగులు మీ నిమ్మచెట్టుకు ఒక్క ఆకు మిగల్చవట. ఇక ఈ కోడలుంది చూశారూ, ఇది గొంగళిపురుగు జోలికే పోదట. అత్తమ్మ కష్టపడి కన్న పిల్లల్లో తను గుడ్లు పెట్టి, తన పిల్లలకు వాటిని తినిపిస్తుందట.

"సరిగ్గనే పెట్టిన్రు పేర్లు" అంది అత్తమ్మ. పళ్లెం కింద పెట్టి కూర్చుంది. "మరి గీ కోడల్ని ఏం జేస్తరు సారూ?"

"ఏమీ చెయ్యమమ్మా. రెండింటినీ ఒకే సీసాలో ఉంచి చూస్తుంటాం."

"మా ఇంట్ల గూడ గంతే" అంది. అక్క నవ్వాపుకోలేక మెట్లు దిగిపోయింది. అత్తమ్మ తమ్ముడి వైపు తిరిగి, "నా పేరున్నదాన్ని నా ఇంట్లకెళ్లి నేనే ఎట్ల ఎల్లగొడ్త బిడ్డా? సీసాలు ఉండనియ్యి" అంది. ఆ సాయంత్రం కూరలో కారం మాత్రం రెండింతలు పడింది. చెంబెడు నీళ్లు తాగుతూ తిన్నాను.

తమ్ముడు చదువైపోయి వెళ్లిపోయాడు. అత్తమ్మా లేదిప్పుడు. మొన్న నా కోడలు కరివేపాకు తెంపడానికి పోయి ఫోన్‌లో ఏదో పురుగు ఫొటో తీసుకొచ్చింది. ఆకుపచ్చగా తళతళా మెరుస్తోంది. "ఎంత ముద్దుగున్నదో సూడు అత్తమ్మా, ఏందిది?" అంది. ఒకప్పుడు అది నేను, ఇప్పుడు నువ్వు అని కథంతా చెప్పాను. విరగబడి నవ్వి, మరి నువ్వు ఏ కుప్పల ఉన్నవిప్పుడు అని అడిగింది. నడుము చూసుకున్నాను. అత్తమ్మ కుప్పలో చేర్చుకునే నడుము కాదిది. ఇక సూది సంగతంటారా, అది నా కోడలినే అడగాలి.