కోటమ్మత్త గేదె గోడ ఎందుకు నాకిందంటే

పోయిన నెల నందిగామలో ఒక పెళ్లికి వెళ్లాను. మూడో బంతిలో కూర్చున్నాం. నెయ్యి వడ్డించే ఆయన గరిటె కొసతో విస్తరికి బొట్టు పెట్టినట్టు ఒక్క చుక్క వేసి ముందుకు నడుస్తుంటే, నా పక్కనున్న పెద్దమనిషి గొంతెత్తాడు.

"ఏమయ్యా, ఇదేం వడ్డన? కోటమ్మ గేదెలాగా మేమూ గోడలు నాక్కోవాలా?"

బంతి బంతంతా నవ్వింది, నేను తప్ప. నా నోట్లో ముద్ద అటు దిగదు, ఇటు రాదు. ఆ కోటమ్మ మా మేనత్త. ఆ గేదె మా ఇంటి గేదె. ఆ గోడ మా గోడ. గేదె గోడ నాకడానికి కారణం నేను. ఇరవై ఏళ్లకు పైగా జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా చెయ్యి బిగబట్టి వడ్డించిన ప్రతివాడికీ ఆ తల్లి పేరు పెడుతూనే ఉన్నారు. నేను వింటూనే ఉన్నాను. ఇక వినలేక కలం పట్టాను.

ముందే హెచ్చరిస్తున్నాను. ఇందులో ఒక ఇంటి గోడలు, ఒక అమాయకపు గేదె నాలుక, ఒక మంచి మనిషి పేరు, మూడూ నా చేతుల మీదుగానే పాడవుతాయి. నా మీద మీకు కాస్తో కూస్తో గౌరవం ఉంటే దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి చదవండి. చివర్లో వెతుక్కున్నా దొరకదు.

స్వరాజ్యం వచ్చిన కొత్త. నాకు ఇరవై ఏళ్లు. బెజవాడలో ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక జగ్గయ్యపేట వచ్చి నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాను. నా ఉద్యోగం పొట్లాలు కట్టడం. పాత పత్రికలు చింపి జీలకర్రకు ఇంత, చింతపండుకు ఇంత అని చుట్టాలి. చుట్టే ముందు ప్రతి ముక్కా చదివేవాణ్ణి. ఆ పత్రికల్లో ఒక మూల ఇల్లాళ్లకు చిట్కాలు వేసేవారు. దమ్మిడీ ఖర్చు లేకుండా ఇంటి చాకిరీ తేలిక చేసుకునే ఉపాయాలు. లాంతరు చిమ్నీకి బూడిద, పంచదార డబ్బా చుట్టూ పసుపు గీత, ఇలాంటివి. చదివినకొద్దీ నాలో ఒక సంస్కర్త నిద్ర లేచాడు.

ఇబ్బందల్లా ఒకటే. చింపిన కాగితంలో చిట్కా సగమే ఉండేది. మిగతా సగం అప్పటికే మెంతులతో పాటు ఎవరింటికో వెళ్లిపోయేది. సగం చదువు నాకు కొత్త కాదు గనక దాన్ని నేను లోపంగా భావించలేదు.

మా ఇంట్లో చాకిరీ అంతా కోటమ్మత్తది. నాన్నకు స్వయానా అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అమ్మ నా పసితనంలోనే పోతే నన్ను పెంచింది ఆవిడే. ఈ లోకంలో ఆవిడ తనదని చెప్పుకునేది చుక్కమ్మ ఒక్కటే. నుదుట తెల్లచుక్క ఉన్న పాడిగేదె. దాని పాలు, పెరుగు ఇరుగుపొరుగుకు పోసేటప్పుడు అత్తయ్య కొసరు పోసిందా, కొలత పోసిందా అన్నది పోయించుకున్నవాళ్లకే తెలిసేది కాదు. అలాంటి చెయ్యి ఆవిడది.

నా మొదటి ప్రయోగం కవ్వం మీద. రోజూ చిలికి చిలికి భుజం లాగేస్తోందని అత్తయ్య అంటుంటే, కవ్వం తాడు తీసుకెళ్లి వంటింటి తలుపుకు కట్టాను. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు తలుపు తీస్తూ వేస్తూ ఉంటే మజ్జిగ దానంతటదే అవుతుందని సిద్ధాంతం. సిద్ధాంతం దివ్యంగా ఉంది. మధ్యాహ్నం నాన్న కొట్టు నుంచి ఆకలి మీద వచ్చి తలుపును ఒక్క తోపు తోశారు. కవ్వం, కుండ, మజ్జిగ కట్టకట్టుకుని ఎదురొచ్చాయి. మీసాల నిండా వెన్నతో నాన్న చిన్నికృష్ణుడిలా ఉన్నారు గానీ, చూపు మాత్రం వేదాద్రి నరసింహస్వామిది.

"ఒరేయ్ సూర్యం! ఇంకొక్క చిట్కా ఈ ఇంట్లో నా కంటబడిందా, మర్నాడే నిన్ను మైలవరంలో మీ మావయ్య మిరపకాయల గోదాముకు తోలేస్తా. ఏడాది పొడుగూ తుమ్ముకుంటా పడుందువుగాని!"

"పోనీలేరా తమ్ముడూ" అంది అత్తయ్య, నేల తుడుస్తూ. "నా భుజం కోసమేగా కట్టాడు."

అక్కడితో ఆగితే నేను బాగుపడేవాణ్ణి, ఈ కథ ఉండేది కాదు.

ఉగాది దగ్గరపడింది. మా ఊళ్లో సున్నానికి కరువు లేదు. కాకపోతే ఆ సున్నం గోడ మీద ఉన్నంత ఇష్టంగా మనిషి వీపు మీదా ఉంటుంది. ఎవరు ఆనుకుని లేచినా వీపు తెల్లన. అవి బట్టకు రేషను, సబ్బుకు కటకట ఉన్న రోజులు. ఉన్న నాలుగు గుడ్డలే ఉతికి ఉతికి కట్టాలి. ఆ ఉతుకుడూ అత్తయ్యదే.

"అంటుకోని సున్నం ఎవరన్నా కనిపెడితే వాడికి దణ్ణం పెడతానురా" అందావిడ ఒకరోజు బావి దగ్గర నడుం పట్టుకుని.

సరిగ్గా ఆ వారమే ధనియాల పొట్లం చుడుతుంటే కంటబడింది, 'గోడ సున్నంలో ఉప్పు కలిపిన యెడల అది గట్టిపడి బట్టలకు అంటదు. ఒక బుట్ట సున్నమునకు ఉప్పు...' అక్కడ చిరిగిపోయింది.

ఎంత ఉప్పు? ఇంకేమైనా జాగ్రత్తలు చెప్పారా? ఆ సంగతి ఈనాటికీ నాకు తెలియదు. అప్పుడు మాత్రం ఒక కొట్టు యజమాని కొడుకు ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచించాను. గుప్పెడు వేస్తే కొంచెం మంచిదైతే, బస్తా వేస్తే బోలెడు మంచిది. ఉప్పు బస్తాలు కొట్టు అరుగు మీదే పడి ఉండేవి. ఉప్పును దొంగలు కూడా ముట్టరు. నేను ముట్టాను. రోజుకు కొంచెం చొప్పున అరబస్తా దాకా పెరట్లోకి చేరవేసి, సున్నంలో కలిపి, ఇంటి గోడలన్నిటికీ నా చేతులతో నేనే కుంచె పట్టి కొట్టాను.

మీరు నమ్మరు. చిట్కా పనిచేసింది! అత్తయ్య గోడకు ఆనుకుని కూర్చుని, లేచి, పైట ముందుకు లాగి చూసుకుంది. ఒక్క మరక లేదు.

"ఒరేయ్ సూర్యం, నువ్వు ఎందుకూ పనికిరావనుకున్నార్రా అందరూ!" అంటూ నా నెత్తిన చెయ్యి పెట్టింది. నాన్న కూడా ఎవరూ చూడకుండా ఒకసారి ఆనుకుని, లేచి, వీపు తడుముకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనకపోవడమే మాకు బిరుదు ప్రదానం.

మర్నాటి నుంచి చుక్కమ్మ గోడ నాకడం మొదలుపెట్టింది.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదంటారు. మా చుక్కమ్మ ఇంటి ఉప్పు తినడం కాదు, ఇంటినే ఉప్పుగా తింది. పెరటి గోడ అందినంతమేర నాకింది. పలుపు తెంపుకుని వీధి గోడకు వెళ్లింది. గడ్డి వేస్తే చూడదు. మేతకు తోలితే సగం దారిలో తిరిగొచ్చేస్తుంది. గోడ నాకడం, కుడితి గోలెం ఖాళీ చేయడం, మళ్లీ గోడ నాకడం. పాలు సగానికి పడిపోయాయి. నాలుగో రోజుకు వీధి వీధంతా మా గోడ ముందే ఉంది.

పక్కింటావిడ ప్రహరీ మీది నుంచి తొంగిచూసింది. "ఏమండీ కోటమ్మగారూ, కొట్టు నిండా తవుడు బస్తాలు పెట్టుకుని నోరులేనిదాన్ని గోడల పాలు చేశారేంటండీ?"

"అయ్యో, రెండు పూటలా కడుపునిండా పెడతన్నానమ్మా!"

"కడుపు నిండితే గోడెందుకు నాకుద్దండీ?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ ఊళ్లో ఒక్కడికే తెలుసు. వాడు కిటికీ వెనక కూర్చుని అవసరం లేని పొట్లాలు చుడుతున్నాడు.

నాన్నకు అనుమానం రాకపోలేదు. "ఏం కలిపావురా సున్నంలో?"

"నీళ్లు నాన్నా."

"నీళ్లు కాక?"

"సున్నం."

మైలవరం మిరపకాయలు ముక్కుపుటాల్లో మెదులుతుంటే నిజం గొంతు దాకా వచ్చి తుమ్ములా ఆగిపోయింది.

నిమ్మకాయ కట్టారు, దిష్టి తీశారు, మూతికి వేపాకు ముద్ద పూశారు. చుక్కమ్మ వేపాకు గోడకు తుడిచేసి, ఉప్పూ చేదూ కలిపి నాకింది. చివరికి పశువుల బేరాల్లో తల పండిన మస్తాన్ సాయిబును పిలిపించారు. ఆయన గేదె పళ్లు చూశాడు, నాలుక చూశాడు, చెవులు పట్టి చూశాడు.

"ఒంట్లో ఏం లేదండి. దీనికి గోడ మీద మనసు పడింది. గోడన్నా మార్చండి, గేదెనన్నా మార్చండి."

"గోడనెక్కడికి మారుస్తానయ్యా?" అన్నారు నాన్న.

నందిగామలో రత్తమ్మగారని రైతు కుటుంబం, పాడి కోసం చూస్తున్నారట. బేరం కుదిరింది. తోలుకెళ్లడానికి మస్తాన్ సాయిబు వచ్చిన పొద్దున, అత్తయ్య చుక్కమ్మకు బెల్లం ముక్క తినిపించింది. ఏడవలేదు. పలుపు మాత్రం తన చేతికి రెండు చుట్లు చుట్టుకుని అలాగే నిలబడింది. సాయిబు తొందరపెట్టలేదు.

"మంచి ఇల్లేనమ్మా. నేను పోయినప్పుడల్లా చూసొచ్చి చెప్తా" అన్నాడు మెల్లిగా.

అప్పుడు విప్పింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అత్తయ్య ఖాళీ గుంజ పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. లేచినప్పుడు వీపు మీద మరక ఉండేది కాదు. ఆ శుభ్రమైన వీపును చూసినప్పుడల్లా నా ముఖాన ఎవరో సున్నం కొట్టినట్టుండేది. మూడో రోజున ఇక ఉండబట్టలేక, కొట్టు సరుకు వాకబు చేసి వస్తానని చెప్పి, బొగ్గుతో నడిచే బస్సెక్కి నందిగామ వెళ్లాను. నడిచినంత దూరం బస్సు మమ్మల్ని మోసింది, ఆగిన చోటల్లా దాన్ని మేం తోశాం.

రత్తమ్మగారింట్లో చుక్కమ్మ పరమ సాధువులా నెమరేస్తోంది. ఎదురుగా నిక్షేపంలాంటి తెల్లగోడ.

"గోడా?" అన్నారు రత్తమ్మగారు. "మా గోడ వంక కన్నెత్తి చూడలేదే! ఇంత బుద్ధిమంతురాల్ని ఎట్టా అమ్ముకున్నారు బాబూ?"

అంతలో చుక్కమ్మ నన్ను గుర్తుపట్టి, దగ్గరకొచ్చి, చెమటకు తడిసిన నా చొక్కా భుజాన్ని బర్రున నాకింది. నాకు కళ్లనీళ్లాగలేదు. అక్కడే అంతా చెప్పేశాను. రత్తమ్మగారు నవ్వి నవ్వి గడ్డివామికి చేరబడ్డారు.

"మేం తవుట్లో చిటికెడు ఉప్పేస్తాం నాయనా. నువ్వు ఏకంగా ఇల్లే ఊరేశావా! గేదెనిస్తాను, నాకేం? ముందు పోయి నాకు చెప్పిందే మీ నాన్నకి చెప్పు. లేకపోతే మళ్లీ ఆ గోడకే కడతారు, మళ్లీ నాకుద్ది."

మర్నాడు మధ్యాహ్నం నాన్న భోజనం చేస్తున్నారు. కొని తెచ్చిన మజ్జిగ నీళ్లలా ఉంది. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నాన్నా, గోడలో ఉప్పుంది."

"ఎంత?"

"అర బస్తా."

నాన్న ఎంగిలి చేత్తోనే లేచారు. పెరటి గోడ దగ్గరకెళ్లి, అటూ ఇటూ చూసి, నాలుక ఆనించారు. ముఖం మెలికలు తిరిగింది.

"అర కాదురా, ముప్పాతిక! కొట్లో బస్తా తరుగుతుంటే చెమ్మకి కరిగిపోతందనుకున్నాను గదరా! సర్దుకో. రేపే మైలవరం."

"వాడెక్కడికీ పోడు" అంది అత్తయ్య వంటింట్లోంచి. "నాకు రెండోరోజే తెలుసు."

"నువ్వూ నాకావా అక్కయ్యా!"

"వేలు తడిచేసుకుని చూశాలే. నీలాగా నాలిక పెట్టలేదు."

నేను వంటింటి వైపు తిరిగాను. "మరి ఎందుకు చెప్పలేదత్తయ్యా? చుక్కమ్మని పంపించేస్తుంటే కూడా..."

"చెప్తే మీ నాన్న నిన్ను పంపడా? చుక్కమ్మ పోతే ఎట్టా ఉందో మస్తాన్ సాయిబు చూసొచ్చి చెప్తాడు. నువ్వు పోతే నాకెవరు చెప్తార్రా?"

నాన్న వెళ్లి చెయ్యి కడుక్కున్నారు. ఆ సాయంత్రమే నందిగామకు కబురు వెళ్లింది.

అత్తయ్య మాత్రం ఒక షరతు పెట్టింది. "ఈ ఉప్పు సంగతి గడప దాటకూడదు. ఇల్లు ఊరేసినవాడికి పిల్లనెవరిస్తారు? గేదెకు పిచ్చి అంటే అననీ. దానికేమన్నా పెళ్లి చెయ్యాలా? నాది పిసినారి చెయ్యి అంటే అననీ. నా చెయ్యి ఎట్టాంటిదో మీకు తెలుసుగా."

చుక్కమ్మ తిరిగొచ్చే లోపల కొబ్బరి చిప్ప పట్టుకుని గోడలన్నీ గీకాను. మామూలు సున్నం కొట్టాను. అత్తయ్య ఆనుకుని కూర్చుని లేచింది. వీపు తెల్లన. వెనక్కి తిరిగి చూసుకుని పకపకా నవ్వింది. ఆ గుడ్డ నేనే తీసుకెళ్లి బావి దగ్గర ఉతికాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఉతుకుడు నాది. ఇంటి పని తేలిక చేయడానికి పైసా ఖర్చు లేని, పశువులకు హాని లేని చిట్కా ఇదొక్కటే కనిపెట్టాను. ఆ పని మనమే చేసెయ్యడం. పత్రికల్లో ఎప్పుడూ చూడలేదు. వేసే ఉంటారు, ఆ సగమే నేను చింపి ఉంటాను.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. నాకు పిల్లనిచ్చారు, పిల్లలు పుట్టారు, తల నెరిసింది. ఆవిడ పెట్టిన షరతుకు కాలం తీరిపోయినా ఎవరో ఆ మాట అన్నప్పుడల్లా తల దించుకుని ముద్ద మింగాను. అదీ నా అసలు తప్పు. ఉప్పు కాదు.

కనుక పాఠకుల సాక్షిగా, వేదాద్రి స్వామి సాక్షిగా, ఎక్కడున్నా నెమరేస్తూ ఉండే చుక్కమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చిరిగిన కాగితం చదివి ఇంటిని సంస్కరించను. సున్నం దగ్గరకు ఉప్పుతోనూ, ఉప్పు దగ్గరకు సున్నంతోనూ వెళ్లను. బంతిలో ఆ మాట వినబడితే ముద్ద వదిలేసి లేచి నిలబడతాను.

మీకూ ఒక మనవి. ఈసారి విందులో నెయ్యి చాలకపోతే మొహమాటపడకుండా గట్టిగా అరవండి. కాకపోతే ఇకనుంచి "కోటమ్మ గేదె" అనకండి. "సూర్యం గోడ" అనండి.