చక్రవర్తి గుమ్మం ముందు మా కోడలు

ఇంగ్లండులోని మా లీసెస్టర్‌లో ఉదయం ఎనిమిదింటికి ఒకేసారి నాలుగు లక్షల ఫోన్లు మోగుతాయి. అన్నీ మా కోడలు పద్మజకే. ఆమె ఒక జీపీ సర్జరీలో రిసెప్షనిస్టు. సర్జరీ అంటే ఇక్కడ ఆపరేషన్ కాదు, పేటలో మామూలు డాక్టరు క్లినిక్కు. డాక్టరును ఈరోజే చూసేదెవరో, గురువారం దాకా ఆగేదెవరో ఆమె తేలుస్తుంది. నేను చదివిన గుంటూరు కాన్వెంటులో మదర్ సుపీరియర్‌కి కూడా అంత అధికారం లేదు.

మనవరాలు అక్షర ఇంగ్లిషులో ఒక నవల రాసింది. పాతకాలపు చైనా రాజాస్థానం కథ. అందులో విలన్ గావ్ అనే నపుంసకుడు, అంతఃపుర సేవకుల పెద్ద. చక్రవర్తి గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని, గిట్టని మంత్రులను నెలల తరబడి బయటే కూర్చోబెడతాడు. "విషయమేమిటో ముందు నాకు చెప్పండి" అంటాడు తీయగా. అచ్చం పద్మజ ఫోన్లో అనే మాట.

పబ్లిషర్ దొరికాడు. అమ్మ సరేనంటేనే సంతకం పెడతానంది అక్షర. ఆదివారమంతా పద్మజ చదువుతుంటే మేమిద్దరం వంటింట్లోంచి కదల్లేదు.

"ఈ గావ్ నేనేనా?" అంది చివరికి.

"సారీ అమ్మా. ఇట్స్ ఓన్లీ ఫిక్షన్."

"వీడికి పని రాదే. ముసలి తోటమాలి వచ్చి కాస్త కడుపుబ్బరం అంటే పొమ్మన్నాడు. మన పెద్దవాళ్ళు గ్యాస్ అంటే నేనెప్పుడైనా పొమ్మన్నానా?"

నిజమే. పోయిన చలికాలం నా స్నేహితుడు నరసింహం సర్జరీకి ఫోన్ చేశాడు. "కొంచెం గ్యాసమ్మా, ఎప్పుడైనా పర్లేదు" అన్నాడు.

"మెట్లెక్కితే కూడా గ్యాసేనా అంకుల్?"

"అవునమ్మా. ఎడమ చేతిలో కూడా గ్యాసే."

ఆంబులెన్సు అంటే వద్దంటాడని, "డాక్టర్‌గారు మీకోసం బండి పంపుతున్నారు" అని అబద్ధమాడింది. అంత మర్యాదకు పొంగిపోయి నరసింహం కోటు వేసుకుని, టై కట్టుకుని మరీ ఎక్కాడు. గుండెకు స్టెంటు వేశారు. ఇప్పుడు పార్కులో నాకంటే ముందు నడుస్తున్నాడు.

"సో, గావ్‌ని మంచివాణ్ణి చేసేయనా?" అంది అక్షర.

"వద్దు. తోటమాలిని మాత్రం వాడే ఏదో ఒక అబద్ధమాడి లోపలికి పంపినట్టు రాయి. మిగతాదంతా అలాగే ఉంచు. మంచివాడని తెలిస్తే వాడి గుమ్మం ముందు ఎవరూ వరసలో నిలబడరు."

అక్షర సంతకం పెట్టింది. గుడిలో ఎవరు కనబడినా ఆపి మరీ చెబుతున్నాను, చైనా చక్రవర్తినే ఆడించిన ఆ దుర్మార్గుడు మా కోడలేనని.