సింహాచలం మాస్టారి ఆఖరి లేబుల్

నిన్న సాయంత్రం కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఆఫీసు బస్సు ఎక్కబోతుంటే, హౌరా పక్కనున్న లిలువా నుంచి పార్వతి పిన్ని ఫోన్.

"మీ మాస్టారు ఎల్లిపోయారే" అంది.

బస్సు వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను.

అప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ పోస్ట్ కూడా లేచి తిరుగుతూ, ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను.

సింహాచలం మాస్టారు మీలో చాలామందికి తెలీదు. పార్వతి పిన్ని భర్త. లిలువా రైల్వే వర్క్‌షాప్ ఫిట్టర్ గారబ్బాయి. జీవితమంతా కందిరీగల్ని గుర్తుపట్టి పేర్లు పెట్టారు.

మనల్ని కుట్టేవి కాదు. ఆవగింజ కంటే చిన్నవి. పంటని తినే పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయి, పిల్ల దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. మందు కొట్టకుండానే పురుగు చస్తుంది. ఏ కందిరీగ ఏ పురుగుకి మొగుడో తేల్చి చెప్పడం మాస్టారి పని. నాకు ఆ పని నేర్పింది ఆయనే.

మార్కెట్లో అందరూ మంచి బొప్పాయి ఏరుకుంటారు. ఈయన తెల్లగా పిండినల్లి పట్టింది ఏరుకునేవారు. పండ్లాయన అలాంటివి పక్కన దాచిపెట్టి, "దాదా, పోకా ఆఛే!" అని కేకేసేవాడు. పురుగులున్నాయని అంత సంబరం!

పిన్నికి ఒళ్ళు మండేది. "తిండానికి ఒక్క పండు తేరు గానీ, సీసాల్లో ఎట్టడానికైతే సంచీడు తెస్తారు."

ఆయనకో పట్టింపు ఉంది. పురుగు సీసా మీద లేబుల్ ముందు పెన్సిల్‌తో రాయాలి. అనుమానం పూర్తిగా తీరాకే ఇంకు. దాని కింద ఒక గీత ఖాళీగా వదిలేవారు, ఇంకొకరు తమ కళ్ళతో చూసి సంతకం పెట్టడానికి.

ఒకసారి నేను చూడకుండానే పెట్టేశాను. మూడు రోజులు మైక్రోస్కోప్ ముట్టనివ్వలేదు.

"పేరు తప్పెడితే పురుగు సావదే అమ్మీ, రైతు సస్తాడు" అన్నారు.

ఈమధ్య మా ల్యాబ్‌లో పిండినల్లిని చంపడానికి పెంచుతున్న కందిరీగలు డబ్బాల నిండా వచ్చాయి. అన్ని వచ్చేసరికి ఎగిరి గంతేశాను. రేపు బొప్పాయి తోటల్లో వదలాలని డేట్ కూడా ఫిక్స్ చేశాను. ఎందుకైనా మంచిదని ఒక సీసా మాస్టారికి పంపాను.

నిన్న పొద్దున్న ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు.

మీటింగ్‌లో ఉన్నాను. కట్ చేశాను. రెండోసారి విసుక్కున్నాను కూడా.

తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మధ్యాహ్నం బల్ల దగ్గరే గుండె ఆగిపోయిందట.

ఇవాళ పొద్దున్న లిలువా వెళ్ళాను. పిన్ని ఏడుస్తూనే సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నిన్న పొద్దుట్నుంచీ ఇదే అట్టుకుని కూకున్నారే. ఆ పిల్ల ఫోనెత్తట్లేదు, ఏటి సెయ్యాలని ఒకటే గోల."

లేబుల్ ఇంకుతో ఉంది.

"ఇది మన కందిరీగ కాదు. మన కందిరీగని తినేది. వదలకు."

కింద గీత ఖాళీ.

నా మంచి కందిరీగల డబ్బాల్లోకి అదెప్పుడు దూరిందో! మంచివాటి ఒంట్లోనే గుడ్లు పెట్టి పెరిగింది. నేను లెక్క చూసి మురిసిపోయాను గానీ, ఒక్కదాన్నీ లెన్స్ కింద పెట్టి సరిగ్గా చూడలేదు. అనుకున్నట్టు వదిలి ఉంటే తోటల్లో ఉన్న మంచివి కూడా పోయేవి.

ఆ గుమ్మంలోంచే ఫోన్ చేసి ఆపించాను.

దహనం అంతా అయ్యాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. తిన్నగా ల్యాబ్‌కి వచ్చాను. నాలుగుసార్లు స్లైడ్ జారిపోయింది. ఐదోసారి కూర్చుని, ఆయన నేర్పినట్టే ఆ కందిరీగ మీసాల కణుపులు ఒక్కొక్కటీ చూశాను.

మీరు చెప్పిందే నిజం మాస్టారూ.

చూసే సంతకం పెట్టాను. ఇంకుతోనే.

ఇన్నేళ్ళూ లెన్స్‌కి అతుక్కుపోయిన కళ్ళు మీవి. ఇక హాయిగా మూసుకోండి. మిగతావి నేను చూస్తాను.