రైవల్‌కు నా జవాబు

వికారాబాద్‌లో ఉండే మా అక్క భర్త ఇంగ్లీషు సారుగా రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని, పాఠం మమ్మల్ని వదల్లేదు. చాయ్ తాగుతూ కిటికీ చూపించి, విండో అంటే ఒకప్పుడు ‘గాలి కన్ను’ అని అర్థమట అంటారు. మజిల్ అనే మాట లాటిన్‌లో చిట్టెలుక నుంచి పుట్టిందని ఒకసారి నా జబ్బ పట్టుకుని మరీ చెప్పారు. పాపం, ఉదాహరణకు ఇంకెవరి జబ్బా దొరకలేదు.

దాన్నయినా మరిచిపోయేవాడినేమో. తాండూరులో ఆయన కూతురి నిశ్చితార్థం రోజు జరిగింది మాత్రం మరవలేదు.

యాలాల్ దగ్గరి పొలంలో నాకూ మా చిన్నాయన కొడుక్కీ ఒకటే బావి. రోజు విడిచి రోజు వంతు. నా వంతు రోజున వాడు మోటరు వేసుకున్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. మాటల్లేనివాళ్లు పక్కపక్కన కూర్చుని తినకపోవడం మా ఇళ్లలో పద్ధతి. ఆ రోజు కూడా వాడొక మూల, నేనొక మూల. బావ సరిగ్గా మధ్యలో నిలబడ్డారు.

"బామ్మర్దీ, రైవల్ అనే మాట యాడికెళ్లి వచ్చిందో ఎరుకనా?"

"నాకేం ఎరుక బావా."

"ఒక్క వాగు నీళ్లు పంచుకునేటోళ్లట! మీ ఇద్దర్ని జూసే పెట్టిండ్రేమో."

బంతి బంతంతా నవ్వింది. మా అక్క కూడా.

హైదరాబాద్ వెళ్లి మాటల పుట్టుకలు చెప్పే లావుపాటి నిఘంటువు కొన్నాను. మూడేళ్లు చదివాను. బావకు తెలియని మాట ఒక్కటి చాలు. అదీ నవ్వినవాళ్లందరి ముందు.

మొన్న వికారాబాద్‌లో ఆయన కొత్తింటికి అందరూ వచ్చారు. జొన్నరొట్టెలు వడ్డిస్తుండగా లేచి అడిగాను.

"బావా, కంపానియన్ యాడికెళ్లి వచ్చింది?"

బావ గడ్డం గోక్కున్నారు. "కంపెనీకెళ్లి కావచ్చు."

"ఉల్టా చెప్పినవ్. కంపెనీయే దానికెళ్లి వచ్చింది. ఒక్క రొట్టె పంచుకు తినేటోడని అర్థం!"

అందరూ బావ వైపు తిరిగారు. మూడేళ్లలో నేను విన్న అతి మంచి నిశ్శబ్దం అది. రొట్టెల గంప పట్టుకున్న అక్క దాన్ని పాడుచేసింది.

"మస్తు చెప్పినవ్ తమ్మీ. అయితే పో, గా మూలకు కూసో. ఇద్దరికి ఒక్కటే రొట్టె ఏస్త."

మూలలో ఉన్నది మా చిన్నాయన కొడుకే. వాడు కాస్త జరిగి చోటిచ్చాడు. "రా అన్నా, అర్థం నువ్వే చెప్తివి గద."

వెళ్లకపోతే నా అర్థం ఉత్తదవుతుంది, బావ గెలుస్తారు. వెళ్లి కూర్చున్నాను. వాడు రొట్టె విరిచి సగం నా పళ్లెంలో వేశాడు.

సగం అని వాడన్నాడు. పెద్ద ముక్క వాడి పళ్లెంలోనే ఉంది. ఏమీ అనకుండా తిన్నాను గాని, చూడకపోలేదు.