డాక్టరు గారి పావురాలు

ఉబ్బసం మీద పరిశోధనలు చేసే మా వీధి డాక్టరు పెళ్లాంతో కంటే పావురాలతోనే ఎక్కువ మాట్లాడతాడని ఒక పుకారు. నిజమో కాదో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఆవిడకు మాత్రం ఏడాదిగా ఆయాసం. నాలుగు మెట్లెక్కితే కొలిమితిత్తిలా రొప్పేది.

ఆ మహామేధావి ఊరుకుంటాడా? కారణం పట్టేస్తానని వీధి వీధంతటి చేతా ఊపిరి కొలిచే గొట్టంలో ఊదించాడు. వడ్రంగి రంపపుపొట్టు అన్నాడు, పరుపులవాడి దూది అన్నాడు. పాపం వాళ్లిద్దరూ తలుపులు బిడాయించుకుని ఉడికిపోయారు. తన బాల్కనీలో కొండలా పేరుకున్న పావురాల రెట్ట మాత్రం ఆ పరిశోధకుడి కంటికి ఆనలేదు! ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది.

ఆవిడ విసిగిపోయి అక్కగారింటికి వెళ్లింది. వారం తిరక్కుండానే ఆయాసం మాయం. అక్కగారు ఫోన్లో దులిపేసింది: "మరిదిగారూ, మీకు మా చెల్లెలు కావాలా, ఆ పక్షులు కావాలా? తేల్చి చెప్పండి!"

మర్నాటికి గూళ్లు ఖాళీ. ఆవిడ తిరిగొచ్చి హాయిగా మెట్లెక్కుతోంది.

"పావురాలేవండీ డాక్టరుగారూ?" అని అడిగాను.

ఆయన బాల్కనీ గీకుతూనే కసిరాడు. "పావురాలేంటి? మా ఇంట్లో ఎప్పుడున్నాయి? మా ఆవిడకు ఆయాసమేంటి? అక్కను చూడాలనిపించి వెళ్లొచ్చింది, అంతే!"