ఇంకో బిళ్ల పేరు

మా పెదనాన్న పోయారు. మిరపకల్లంలో కాయలు తిరగదోస్తూ కూలబడ్డారు. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగింది. ఆ కబురు ఫోనులో చెప్పింది సత్తెనపల్లిలో కొలెస్ట్రాల్‌కి పొడి అమ్మే మహానుభావుడు. ‘మన పొడి వాడుతూనే ఉన్నారండీ. టైమొచ్చింది, ఏం చేస్తాం’ అన్నాడు. సిగ్గూ శరం ఉన్న నోటికి ఆ మాట రాదు.

పెదనాన్న దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పత్తి విత్తనం కొంటే సంచి మీద లాట్ నంబరు చదివించుకోవాలి, బిల్లు తీసుకోవాలి. విత్తాక ఖాళీ సంచినీ బిల్లునూ వసారాలో వేలాడే ఇనప తీగకు గుచ్చేవారు, మొలక రాకపోతే అమ్మినవాడి మొహాన పెట్టడానికి. లూజు విత్తనాలు తెచ్చినవాడు కనపడితే, ‘ఊరూ పేరూ లేనిదాన్ని చేలో ఎట్టా పెడతావురా సన్నాసీ’ అని బజార్లోనే కడిగేసేవారు. మళ్ళీ వాణ్ణే ఇంటికి పిలిచి మజ్జిగ ఇప్పించేవారు. నా చదువు కూడా ఆ తిట్ల చలవే.

అలాంటి మనిషి ఊరూ పేరూ లేని పొడి ఆర్నెల్లు మింగారు. డబ్బా మీద చీటీ లేదు. అందులో మెంతులున్నాయో ఇటుకపొడి ఉందో ఆ దేవుడికే ఎరుక. ‘రక్తపరీక్ష దేనికండీ, ఒళ్ళు తేలిగ్గా ఉందంటే తగ్గినట్టే’ అని అమ్మినవాడి ఉపదేశం. పెద్దకర్మ నాడు వాడు గారెలు మారడిగి తిని, మా బాబాయికి ఒక డబ్బా అంటగట్టబోయాడు. లాక్కుని వీధిలోకి విసిరికొట్టాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మెచ్చుకోదగ్గ మొహమేనా నాది? పెదనాన్న నమ్మింది వాణ్ణి కాదు. కొలెస్ట్రాల్‌కి వేసుకునే పాత బిళ్లతో కాళ్ళు పీకుతున్నాయని గుంటూరులో డాక్టరుకి చూపించుకున్న రోజు నాకు ఫోన్ చేశారు.

‘ఒరేయ్, ఆల్టర్నేటివ్ మందుందంటున్నాడు. అంటే ఏందిరా?’

నేను ఇంగ్లీషు మాస్టార్ని. పేపర్లు దిద్దుతూ, తలైనా ఎత్తకుండా, ‘ఆయుర్వేదం, నాటుమందులు, అట్టాంటివి పెదనాన్నా’ అన్నాను.

‘సరే, నువ్వు చెప్పావుగా’ అన్నారు. నన్ను మాత్రం బిల్లు అడగలేదు.

నిన్న వసారాలో ఆ తీగ చూశాను. పత్తి సంచుల మధ్య డాక్టరు చీటీ. పాత బిళ్ల పేరు కొట్టేసి, కింద దానికి బదులు ఇంకో బిళ్ల పేరు, రోజుకొకటి అని రాసుంది. నాటుమందుకి మందుల షాపెందుకని అక్కడ గుచ్చేసినట్టున్నారు. గాలికి సంచులన్నీ అటు తిరిగాయి. ఆ చీటీ ఒక్కటే నా మొహం ముందు ఊగుతోంది.