హైసెంగ్ పంపిన బేరాలు

లుకాంగ్ అనే పాత రేవు ఊళ్ళో, సముద్రపు తల్లి మాజో అమ్మవారి గుడి వెనక సందులో సోకిమ్ సేమ్యా జావ అమ్మడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళు. నూలుపోగుల్లాంటి సేమ్యా, ఎండు రొయ్యలు, పంది మాంసం ముక్కలు, పైన నాలుగు చుక్కలు నల్ల వెనిగర్. అదే ఆమె బతుకు. రేవు మేటవేసి ఓడలు రావడం మానేసి తరాలు గడిచాయి గానీ, పాత ఇటుక సందులు చూడటానికి జనం బస్సులు కట్టుకుని వస్తూనే ఉంటారు. దిగగానే వాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "ఇక్కడ తినడానికి ఎక్కడ బాగుంటుంది?"

ఆ మాటకి జవాబు చెప్పే హక్కు తనకొక్కడికే ఉందనుకునేవాడు హైసెంగ్. సోకిమ్‌కి ఎదురు కొట్టు అతనిదే. ఆల్చిప్పల్లోని మాంసంతో అట్లు వేసేవాడు. బేరం లేనప్పుడు నీలం ఏప్రన్‌తో సందు మొదట్లో నిలబడి, "ఎక్కడైనా తినండి గానీ మా ఎదురు కొట్లో మాత్రం తినకండి. దాని జావలో రొయ్యలు తక్కువ, నోరెక్కువ" అని దారినపోయే ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

సోకిమ్ మాత్రం ఊరుకునే మనిషా? గరిటెతో సహా బయటికొచ్చేది. "మీ అట్టు పిండితే వచ్చే నూనెతో గుళ్ళో దీపాలన్నీ వెలిగించొచ్చు బావగారూ!"

జనం నవ్వుకుని రెండుచోట్లా తినేవాళ్ళు.

ఆ 'బావగారు'లో ఎగతాళి ఉంది గానీ వరస నిజమే. ఆమె మొగుడు బున్‌టెక్, హైసెంగ్ ఇద్దరూ సొంత అన్నదమ్ముల్లా పెరిగారు. పంతొమ్మిదేళ్ళ కింద బున్‌టెక్ పొయ్యి దగ్గరే గుండాగి పోయాడు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, ఎదురుగా హైసెంగ్ పెనం చుయ్యిమంటూనే ఉంది. ఆ చప్పుడు సోకిమ్ చెవుల్లో అలాగే ఉండిపోయింది. ఆ తరవాత ఇద్దరి మధ్యా తిట్లే తప్ప మాటల్లేవు.

ఈ ఏడు మార్చిలో హైసెంగ్ చనిపోయాడు. తైచుంగ్‌లో ఉండే కూతురు లేహువా వచ్చి, దహనం చేయించి, అస్థికలు తీసుకుని, కొట్టుకి తాళం వేసి వెళ్ళిపోయింది. సోకిమ్ రెండు రోజులు ఎవరితోనూ పలకలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక నోరు ఎండిపోయినట్టుండేది.

చాంద్రమానం ఏడో నెల వచ్చింది. పరలోకం తలుపులు తీసి చచ్చినవాళ్ళని బయటికి వదిలే నెల. రెండో రోజు మధ్యాహ్నం ఒక కొత్త జంట కొట్లోకి వచ్చి రెండు గిన్నెల జావ అడిగారు.

"మా కొట్టు ఎవరు చెప్పారు బాబూ?" అంది సోకిమ్, అలవాటుగా.

"గుడి ముందు ఒక పెద్దాయన. నీలం ఏప్రన్ కట్టుకున్నాడు." అబ్బాయి నవ్వుతున్నాడు. "'దాని జావలో రొయ్యలు తక్కువ, నోరెక్కువ. అయినా అక్కడే తినండి' అన్నాడు. మీ ఆయనా అండీ?"

గరిటె సోకిమ్ చేతిలోంచి జారి జావలో మునిగిపోయింది.

పక్కన అగరొత్తులూ, చచ్చినవాళ్ళకి కాల్చే కాగితాలూ అమ్మే ఎంగ్ అక్కకి చెబితే ఆవిడ తీసిపారేసింది. "ఎవరో ఆకతాయి వెధవ. ఆ ముసలాడి మాట ఊరందరికీ కంఠతా వచ్చు కదే!"

సోకిమ్‌కి మనసు ఒప్పలేదు. పొయ్యి తగ్గించి గుడి ముందుకి వెళ్ళింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఆగస్టు ఎండకి రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. మూడో మెట్టు మీద ఒక్కచోట, మనిషి నిలబడేంత మేర, పాదానికి చల్లగా తగిలింది. చటుక్కున కాలు వెనక్కి తీసుకుంది.

మర్నాడు తైపే ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళకి పెద్దాయన గుడి దగ్గర కాదు, సందు మలుపులో, గోడకి లోపల సగం బయట సగం ఉండే 'సగం బావి' పక్కన కనబడ్డాడట. ఆ మర్నాడు వచ్చిన ఇద్దరికి అంతకన్నా దగ్గరగా, అగరొత్తుల కొట్టు మెట్టు మీద.

"నా మెట్టు మీదా?" ఎంగ్ అక్క మొహంలో నెత్తురు లేదు. "పొద్దుట్నించీ ఆ మెట్టు మీద కూచున్నది నేనే కదే!" ఆవిడ మూడు అగరొత్తులు వెలిగించి, పట్టపగలే షట్టర్ దించేసుకుంది.

దగ్గరికొస్తున్నాడు. అయినా సోకిమ్ కొట్టు మూయలేదు. మూస్తే ఆయన ఎక్కడిదాకా వచ్చి ఆగుతాడో ఆలోచించడానికే భయమేసింది.

ఆరో రోజు గొడుగేసుకుని ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. ఒక్కతే. కూర్చోకుండా గుమ్మం వైపే చూస్తోంది.

"ఆయన్ని కూడా పిలవండమ్మా. ఎండలో నిలబడ్డారు."

"ఎవర్ని?"

"అదుగో, మీ గడప అవతల. నేను రమ్మన్నాను. 'ఆవిడ పిలవందే ఎలా వస్తాను' అంటున్నారు. బాగా ఆకలిగా ఉందట."

గడప అవతల ఎండ తప్ప ఏమీ లేదు.

సోకిమ్ బల్ల అంచు పట్టుకుంది. బున్‌టెక్ పోయిన రోజు హైసెంగ్ పళ్ళెం నిండా అట్లు పట్టుకుని ఇదే గడప దగ్గరికి వచ్చాడు. "నేను పిలిస్తే తప్ప నా గడప తొక్కకండి" అని అందరి ముందూ అరిచింది తను. పంతొమ్మిదేళ్ళూ తొక్కలేదు. ఆ రోజు అట్లు అమ్మడానికి వేసినవి కావు, శవాన్ని మోయడానికి వచ్చినవాళ్ళు ఆకలితో ఉంటారని వేసినవి. ఆ సంగతి ఆమెకి మూణ్ణెల్లకే తెలిసింది. తెలిసీ పిలవలేదు.

గిన్నెలో జావ పోసింది. రొయ్యలు రెండు గుప్పెళ్ళు వేసింది. గోడవారగా ఉన్న బల్ల మీద పెట్టి, గుమ్మం దగ్గరికి వచ్చింది.

"బావగారూ, లోపలికి రండి. భోంచేద్దురుగాని."

టీచరమ్మ, ఎవరికో దారి ఇస్తున్నట్టు, పక్కకి జరిగింది.

గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి ఒక్కసారిగా ఆగిపోయింది. కాసేపటికి సోకిమ్ గిన్నె ముట్టుకుంటే మంచులా ఉంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, పులుపు లేదు. తడి కాగితం నమిలినట్టుంది. వేడీ రుచీ ఆయన తినేశాడు.

ఆ సాయంత్రమే లేహువాకి ఫోన్ చేసింది. "మీ నాన్న ఆకలితో తిరుగుతున్నాడమ్మా."

"అస్థికల మందిరంలో రోజూ పెడతారు పిన్నీ. అక్కడున్న అందరికీ కలిపి..."

"ఆ అందరిలో మీ నాన్నకి ఎవరు తెలుసు? నలుగురికి పెట్టిన మనిషి నలుగుర్ని తోసుకుని తింటాడా?"

ఆ నెల పదిహేనో రోజున, చచ్చినవాళ్ళకి ఇంటింటా బల్ల వేసి పెట్టే రోజున, లేహువా వచ్చింది. తాళం తీసి, తండ్రి పెనం తోమి, తన చేత్తో ఆల్చిప్పల అట్టు వేసింది. కొట్టు ముందు బల్ల వేసి, అగరొత్తులు గుచ్చి, తండ్రిని పేరు పెట్టి పిలిచింది. ఒత్తులు సగం కాలాక సోకిమ్ అట్టులోంచి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఉప్పగా, సముద్రం వాసనతో, నూనె ఓడుతూ, రుచి రుచిలాగే ఉంది. ఎవరూ ముట్టలేదు.

"తిన్నాడా పిన్నీ?" లేహువా కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి.

"తిన్నాడమ్మా" అంది సోకిమ్.

సందు దాటి తన కొట్లోకి వచ్చింది. గోడవార బల్ల మీద, రోజూ పెడుతున్నట్టే పొద్దున పెట్టిన గిన్నె ఉంది. జావ చెంచాతో రుచి చూసింది. చప్పగా ఉంది. ఖాళీ కుర్చీ వంక చూసింది. ఇన్ని రోజుల భయం ఏమైపోయిందో గానీ, పాత కోపం తన్నుకొచ్చింది.

"ఇక్కడేం చేస్తున్నారు బావగారూ? అక్కడ పిల్ల మీకోసం చెయ్యి కాల్చుకుని మరీ అట్టు వేసింది. బాగోకపోయినా తినాలి. లేవండి! ఇవాళ నా దగ్గర జావ అయిపోయింది." గిన్నె తీసి తొట్లో బోర్లించింది.

కుర్చీ కదల్లేదు. గుమ్మానికి వేలాడుతున్న గుడ్డ తెర మాత్రం, గాలి లేకుండానే, బయటివైపుకి ఒకసారి ఉబ్బి మళ్ళీ వాలింది.

సోకిమ్ వెనక్కి తిరిగి చూడలేదు. గిన్నె తోముతూ నిలబడింది. కొంతసేపటికి సందు అవతల్నించి లేహువా గొంతు వినబడింది, వణుకుతూ.

"పిన్నీ! ఒకసారి రావూ... అట్టు మంచులా అయిపోయింది."